పలుచని పొత్తానికి ప్రణతి

నూటయాభై పుటలైనా నిండని నాజూకు నవలా, నీకు నమస్సు! ఒక్క సాయంత్రానికి చాలే సన్నని దేహం నీది, ఒక్క జన్మకు చాలని లోతు నీది. అరలో నిలబెడితే రెండు లావుపాటి గ్రంథాల నడుమ ఒదిగి దాక్కుంటావు, అరచేతిలోకి తీసుకుంటే వేళ్లకు బరువే తెలియనివ్వవు. తెరిస్తే మాత్రం పుట పుట వెనుకా ఓ గ్రంథాలయం గలగలమంటుంది. మాట మాట వెనుకా ఎవరో ముందే నడిచి వెళ్లిన చప్పుడు. పేరు వెనుక పేరు, ఆ పేరు వెనుక యుగం, ఆ యుగం వెనుక మరెవరో దీపం పట్టుకుని నిలబడ్డ నీడ. నీ పేరే ఒక వింత జోడు: ‘బోర్హెస్, శాశ్వత ఒరాంగుటాన్లు’. చూపు లేని ఒక మహాకవి, మాట లేని ఒక వానరం. ఒకరు బ్యూనస్ ఎయిర్స్ పుస్తకాల మధ్య నుంచి, మరొకటి పారిస్‌లోని ఓ కల్పిత వీధి నుంచి వచ్చి, నీ అట్ట మీద భుజం భుజం కలిపి నిలిచారు.

నిన్ను కన్న నేల బ్రెజిల్, నీ మాతృభాష పోర్చుగీసు, నువ్వు వెలుగు చూసిన ఏడు 2000. నిన్ను రాసిన లూయీస్ ఫెర్నాందో వెరిస్సిమో దేశాన్నంతా పత్రికా రచనలతో నవ్వించినవాడు, సభల్లో మాత్రం పెదవి విప్పని మితభాషి. ఆయన తండ్రి ఎరికో వెరిస్సిమో బ్రెజిల్ నవలకు పెద్దదిక్కు. పోర్తో అలెగ్రి పట్నంలో గ్లోబో ప్రచురణ సంస్థలో పనిచేస్తూ ఆల్డస్ హక్స్‌లీ వంటివారిని పోర్చుగీసులోకి తెచ్చిన చేయి ఆయనది. ఆ ఇంట పుట్టిన బిడ్డకు లోకపు గొంతులన్నీ చుట్టాలే. పైగా ఆ బిడ్డ అమెరికాలో సాక్సఫోన్ నేర్చాడు, జాజ్‌ను ప్రాణంగా ప్రేమించాడు, నెరిసిన జుట్టుతోనూ బృందంలో నిలబడి వాయించాడు. ఓ నవలా, నీ నడక రహస్యం నాకు అక్కడే దొరికింది! జాజ్ వాద్యకారుడు ఎవరిదో పాత పాటను అందుకుంటాడు, దాని గుండె చెదరకుండా దాని దారులు మారుస్తాడు. మన గాయకులు ఒకే పల్లవిని సంగతి మీద సంగతి వేసి, ప్రతి ఆవృత్తానికీ దాని ముఖంలో కొత్త కాంతి చూపించినట్టు, వెరిస్సిమో పాత పల్లవిని ఎత్తుకున్నాడు. ఆ పల్లవి ఎడ్గర్ ఎలన్ పోది. మొదటి సంగతులు బోర్హెస్‌వి. ఆపై సాగిన సంగతులన్నీ నువ్వే.

నీ కథను ఇక్కడ పూర్తిగా విప్పను, విప్పితే పాపం. గుమ్మం దాకా తీసుకెళ్లి నిలబెడతాను. 1985. బ్యూనస్ ఎయిర్స్. పోను ఆరాధించే పండితులంతా ఒకచోట చేరే మహాసభ. పోర్తో అలెగ్రి నుంచి వోగెల్‌స్టైన్ అనే యాభై ఏళ్ల అనువాదకుడు వస్తాడు. ఒంటరివాడు, పుస్తకాలే బంధువులైనవాడు, బోర్హెస్‌ను ఒక్కసారి చూస్తే చాలనుకునే భక్తుడు. ఎందరికో శత్రువైన రోట్‌కాఫ్ అనే జర్మన్ పండితుడు హోటల్ గదిలో హతుడవుతాడు. తలుపు లోపలి నుంచి మూసే ఉంది. శవం అద్దం ముందు పడి ఉంది. దేహమూ దాని ప్రతిబింబమూ కలిసి ఓ అక్షరమై కనిపిస్తాయి. ఏ అక్షరం? మొదట చూసిన కళ్లు వోగెల్‌స్టైన్‌వి. ఆ కళ్లకు జ్ఞాపకం ఒక్కోసారి ఒక్కో అక్షరం చూపిస్తుంది. అక్షరం మారితే హంతకుడు మారతాడు, అర్థం మారుతుంది, లోకమే మారుతుంది.

అయినా నీ సౌందర్యం హత్యలో లేదు. ఆ హత్య తర్వాత వచ్చే సాయంకాలాలలో ఉంది. బోర్హెస్ గ్రంథాలయం, చుట్టూ చీకట్లో నిద్రపోతున్న సంపుటాలు, మధ్యలో ముగ్గురు మనుషులు. ఒకరు చూపు లేని రచయిత, ఒకరు క్వెర్వో అనే నేరశాస్త్రవేత్త, ఒకరు అనువాదకుడు. ఆధారాలు వెతికేవారు నేల చూస్తారు, ఈ ముగ్గురూ పుస్తకాల అరలు చూస్తారు. వేలిముద్రల కోసం కాక ఉపమానాల కోసం వెతుకుతారు. యూదుల మార్మిక విద్య కబ్బాలా గుహ్యాక్షరాల మీదుగా, ఎలిజబెత్ రాణి కాలపు మాంత్రిక పండితుడు జాన్ డీ మీదుగా, లవ్‌క్రాఫ్ట్ కల్పించిన భయద గ్రంథం మీదుగా వాళ్ల మాటలు మెట్లు మెట్లుగా దిగుతాయి. చూపు లేని ఆయనకు తన చూపునే నైవేద్యం పెట్టి, కథంతా ఆయనకే ఉత్తరంలా చెబుతాడు వోగెల్‌స్టైన్. చివరి జవాబు ఆయన గొంతులోనే వస్తుంది. నవలలో ఆ ఏడాదికి బోర్హెస్ ఇంకా బతికే ఉన్నాడు, నిజలోకంలో 1986 జూన్ 14న జెనీవాలో కన్నుమూశాడు. కాలం ఆయనకు ఇవ్వని ఓ కొసరు సాయంకాలాన్ని నువ్వు కల్పనతో ఇచ్చావు. కృతజ్ఞత ఇంతకంటే అందంగా ఉంటుందా?

ఇక నీ చేయి పట్టుకుని వెనక్కి నడుస్తాను. ఎంత వెనక్కి? 1841 దాకా. ఆ ఏప్రిల్‌లో గ్రాహమ్స్ మేగజైన్‌లో ‘రూ మోర్గ్ హత్యలు’ అచ్చయింది. లోకంలోని అపరాధ పరిశోధన కథలన్నిటికీ అదే గంగోత్రి అని అందరూ చెబుతారు. నాకు మాత్రం ఆ కథలో హత్య కంటే, మూసిన గది కంటే, పరిశోధకుడు డూపిన్ మేధ కంటే ప్రియమైనది మొదట్లో వచ్చే ఓ చిన్న సంగతి. డూపిన్‌కూ ఆ కథ చెప్పే పేరులేని మిత్రుడికీ పరిచయం ఎక్కడయిందో తెలుసా? మోంమార్త్ర్ వీధిలో, ఎవరూ పెద్దగా ఎరగని ఓ గ్రంథాలయంలో. ఇద్దరూ ఒకే అరుదైన పుస్తకం కోసం వెతుకుతూ వచ్చారు! ఆహా, పో! పోలీసు ఠాణాలో పుట్టిందని, రక్తపు మడుగులో పుట్టిందని జనం అనుకునే ఆ సాహిత్య ప్రక్రియను నువ్వు ఎక్కడ పుట్టించావు! అరల మధ్య ధూళిలో, ఒకే పుస్తకం మీద వాలిన రెండు ఆకళ్ల మధ్య పుట్టించావు. ఆ పుస్తకం పేరు నువ్వు చెప్పలేదు. చెప్పకపోవడమే మేలు. నూట ఎనభై ఏళ్లుగా చదువరులంతా దాన్నే వెతుకుతున్నారు.

పో బతికింది నలభై ఏళ్లు. డూపిన్ కథలు రాసింది మూడు. అంతే! ఆ మూడింటి నుంచి ఎన్ని పాయలు చీలాయి! సముద్రం అవతల కవి బోద్‌లేర్ ఆయనలో తన తోబుట్టువును చూసుకుని ఏళ్ల తరబడి ఫ్రెంచిలోకి తర్జుమా చేశాడు. ఇంగ్లండులో కోనన్ డాయిల్ హోమ్స్‌ను కన్నాడు. ఆ హోమ్స్ తన తొలి నవలలోనే డూపిన్‌ను తక్కువ చేసి మాట్లాడాడు, కొడుకు తండ్రి మీసాన్ని లాగినంత చనువుగా. అర్జెంటీనా నుంచి వచ్చిన హూలియో కోర్తాసార్ 1956లో పో కథలన్నిటికీ స్పానిష్ గొంతు ఇచ్చాడు. కోర్తాసార్ కథల్లో ఇళ్లను మెల్లమెల్లగా ఆక్రమించుకునే ఆ పేరులేని భయం ఎక్కడి నుంచి వచ్చిందని ఎవరైనా అడిగితే, పో పుటల్లోకి వెళ్లి వెతకమంటాను. అనువాదకుడు తాకిన నిప్పు అనువాదకుడి చేతిని కూడా వెలిగిస్తుంది.

బోర్హెస్! నీ దగ్గరికి రావడానికి ఇంత దూరం తిరిగాను. 1955లో నిన్ను అర్జెంటీనా జాతీయ గ్రంథాలయానికి అధిపతిని చేశారు. అదే కాలంలో అక్షరం నీ కంటికి అందకుండా పోయింది. లక్షల పుస్తకాలూ రాత్రీ ఒకేసారి నీకు దక్కాయి. ఆ రాత్రిలో కూర్చుని నువ్వు చదివినవన్నీ మళ్లీ చదివావు, కళ్లతో కాక గుర్తుతో, గుర్తుతో కాక ప్రేమతో. అంతకు ముందే 1942లో ‘మరణమూ దిక్సూచీ’ కథలో ఒక హోటల్, ఒక పండితుల మహాసభ, గదిలో ఒక హత్య నిర్మించావు. అందులోని పరిశోధకుడు లోన్రాట్ తనను తాను మరో డూపిన్ అనుకునేవాడు. వెరిస్సిమో ఆ హోటల్లోనే మళ్లీ గది అద్దెకు తీసుకున్నాడు, ఆ మహాసభనే మళ్లీ పిలిపించాడు. దొంగతనమా అది? ముమ్మాటికీ కాదు. పాదాభివందనం అది.

నీ ప్రేమలన్నీ దాచకుండా చాటావు, అందుకే నువ్వంటే నాకు అంత ప్రాణం. ఆప్తమిత్రుడు అదోల్ఫో బియోయ్ కసారెస్‌తో కలిసి, జైలు గదిలోంచి కదలకుండానే చిక్కులు విప్పే పరిశోధకుణ్ణి సృష్టించావు. అతనితోనే కలిసి 1945 నుంచి డిటెక్టివ్ నవలల గ్రంథమాలకు సంపాదకుడివయ్యావు. పండితులు ముఖం చిట్లించే పుస్తకాలకు అట్టలు తొడిగి, గౌరవంగా పీట వేశావు. నీ మాట విని నేను చెస్టర్టన్ దగ్గరికి వెళ్లాను. ఫాదర్ బ్రౌన్ అనే ఆ పొట్టి పూజారి, గొడుగు జారవిడుచుకునే ఆ అమాయకుడు, పాపాన్ని లోపలి నుంచి ఎరిగిన ఆ పుణ్యాత్ముడు ఎదురయ్యాడు. ఆ కథలన్నీ సమానం కావు, చివరి సంపుటాల్లో వెలుగు పలచబడుతుంది. తొలి సంపుటం మాత్రం తెల్లవారుజాము ఆకాశం. అక్కడి నుంచి ఇజ్రాయెల్ జాంగ్విల్ 1892 నాటి నవల ‘ది బిగ్ బో మిస్టరీ’కి చేరాను, లోపలి గడియ వేసిన గది ఎంత లోతైన బావో అక్కడ తెలిసింది. స్టీవెన్సన్, డి క్విన్సీ. ఒక్కొక్కరి ముంగిట్లో నీ పాదధూళి ఉంది.

1951లో కాఫ్కా గురించి నువ్వు రాసిన ఆ చిన్న వ్యాసం నా మనసులో ఓ దీపస్తంభం. కాఫ్కాకు ముందు కాఫ్కాలు ఎవరని వెతికావు. గ్రీకు జీనో, చైనా హాన్ యూ, కీర్కెగార్డ్, బ్రౌనింగ్, లియోన్ బ్లోయ్, లార్డ్ డన్సనీ, ఒకరికొకరు ఏమాత్రం పోలికలేని వాళ్లను వరసగా నిలబెట్టావు. కాఫ్కా రాకపోయి ఉంటే వాళ్లలో ఆ పోలిక ఉందని ఎవరికీ తెలిసేది కాదన్నావు. రచయిత తన పూర్వీకుల్ని తానే పుట్టించుకుంటాడన్నావు. కొడుకు తండ్రిని కనడం! ఆ ఒక్క మాటతో కాలం ముడి విడిపోయింది. వెరిస్సిమోను చదివాక పో కథలో ఒరాంగుటాన్ మునుపటి ఒరాంగుటాన్ కాదు. సిరాసముద్రంలో కలం ముంచి, విసుగు లేకుండా, విరామం లేకుండా, లోకంలోని పుస్తకాలన్నీ రాయగల శాశ్వత లేఖకుడై కూర్చుంది. 1841 నాటి వానరాన్ని 2000 నాటి నవల మార్చేసింది.

కానీ బోర్హెస్, నీ రచనల్లో నాకు అన్నిటికంటే దగ్గరిది, మా దేశపు వీధుల్లో నడిచేది. 1936లో నువ్వు ఒక డిటెక్టివ్ నవలకు సమీక్ష రాశావు. రచయిత బొంబాయి న్యాయవాది మీర్ బహదూర్ అలీ, నవల ‘అల్‌ముతాసిం వైపు ప్రయాణం’. అలాంటి రచయిత లేడు, అలాంటి నవలా లేదు. అయినా నీ మిత్రుడొకరు నమ్మి లండన్‌కు ఆర్డర్ పంపాడు. ఆ లేని నవల కథ ఇది. బొంబాయిలో ఒక న్యాయశాస్త్ర విద్యార్థి అల్లర్ల రాత్రి పారిపోయి, నీచుల మధ్య నీచుడై బతుకుతుంటాడు. ఒకనాడు ఓ దుర్మార్గుడి మాటల్లో, ఉన్నట్టుండి, ఓ మృదుత్వం మెరుస్తుంది. అది ఆ మనిషిది కాదని అతడికి తోస్తుంది. ఎవరో స్నేహితుడి నుంచి, ఆ స్నేహితుడి స్నేహితుడి నుంచి వాడి మీద పడిన ప్రతిబింబం అయి ఉండాలి. ఈ లోకంలో ఎక్కడో ఆ వెలుగుకు మూలమైన మనిషి ఉన్నాడు. అంతే, వెతకడం మొదలుపెడతాడు. ఒకరిలో చిరునవ్వు జాడ, మరొకరిలో ఒక మాట మెరుపు. మూలానికి దగ్గరయ్యే కొద్దీ మనుషులు మరింత కాంతిమంతులు. చివరికి ఓ తెర, తెర వెనుక వెలుగు, లోపలికి రమ్మనే ఓ గొంతు. తెర తొలగించి అతడు అడుగు పెడతాడు. నవల అక్కడ ఆగిపోతుంది.

రచయితల్ని కనుక్కోవడమంటే ఇదే కదూ! ఒక పుస్తకంలో ఒక వాక్యం ఉన్నట్టుండి వెలుగుతుంది. ఆ వెలుగు ఆ రచయితది ఒక్కడిదే కాదని మనసు పసిగడుతుంది. ఎవరు చదివించారు ఇతణ్ణి? ఎవరి పాటను ఇతడు గొంతులో దాచుకున్నాడు? వెరిస్సిమోలో బోర్హెస్ కాంతి, బోర్హెస్‌లో చెస్టర్టన్ కాంతి, చెస్టర్టన్‌లో స్టీవెన్సన్ కాంతి, అందరి వెనుకా చీకట్లో పో నల్లని కన్ను. నీ సమీక్ష చివరి అధోజ్ఞాపికలో పారసీ కవి అత్తార్‌ను తలచుకున్నావు, సీమూర్గ్ పక్షిరాజు కోసం ఏడు లోయలు దాటిన పక్షుల కథ చెప్పావు. ముప్ఫై పక్షులు మిగిలి, గమ్యం చేరి, ఆ సీమూర్గ్ తామేనని తెలుసుకున్నాయి. అట్లా ఒక డిటెక్టివ్ నవల సమీక్ష నన్ను నీషాపూర్ కవి ముంగిట్లో దించింది. ఏ గురువు చూపించగలడు ఇంత దూరపు దారి? ఏ పాఠ్యప్రణాళిక కట్టగలదు ఇంత అందమైన వంతెన?

ఇటలీలో ఉంబెర్తో ఎకో 1980లో ‘గులాబీ పేరు’ రాసినప్పుడు, చిక్కుదారుల గ్రంథాలయంలో చూపులేని ముసలి సన్యాసిని కూర్చోబెట్టి, అతడికి హోర్హె అని పేరు పెట్టాడు. గ్రంథాలయమూ అంధుడూ కలిస్తే బోర్హెస్ కాక మరెవరన్నట్టు చెప్పి, అప్పులు తీర్చుకోవాలి కదా అన్నాడు. అవును, అప్పు! మన పెద్దలు దేవఋణం, ఋషిఋణం, పితృఋణం అన్నారు. చదువుకున్నదానికి ఋషిఋణం తీర్చే దారి చదవడమూ చదివించడమూ అన్నారు. ఓ పలుచని నవలా, నువ్వు అచ్చంగా ఋషిఋణం తీర్చుకున్న పుస్తకానివి. తీసుకున్నది దాచలేదు. ఎవరి దగ్గర తీసుకున్నావో ప్రతి పుటలో పేరు పెట్టి పిలిచావు. అప్పు చెప్పుకోవడాన్నే ఆనందంగా, ఆటగా, ఆరాధనగా మార్చావు. ప్రభావం అంటే రచయితలు సిగ్గుపడే మరక అని అనుకునేవాళ్లకు నువ్వే జవాబు. ప్రభావం మరక కాదు, కాటుక. చూపును పెంచేది.

డిటెక్టివ్ కథ తక్కువజాతిదన్న మాట మా నేల మీదా విన్నాను. ఒళ్లు మండుతుంది. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, అతని సహాయకుడు రాజు వెంట రాత్రులు పరుగెత్తిన తెలుగు పాఠకులు ఎందరు! చదవడమనే జ్వరం ఎందరికి వాళ్ల వల్ల సోకింది! అక్కడ చిక్కు విప్పడం నేర్చిన కళ్లే తర్వాత పెద్ద పుస్తకాల చిక్కులు విప్పాయి. ఏ వాక్యాన్నీ ఊరికే నమ్మకపోవడం, చిన్న వివరాన్నీ వదలకపోవడం, చెప్పేవాడి గొంతులో వణుకు పసిగట్టడం, ఇవి ఉత్తమ పాఠకుడి లక్షణాలు కాక మరేమిటి? పో పరిశోధకుణ్ణి మాత్రమే సృష్టించలేదు, అలా చదివే కొత్త పాఠకుణ్ణీ సృష్టించాడని బోర్హెస్ అనేవాడు.

ఇంకొకరికి మొక్కకుండా ముందుకు సాగలేను. ఓ నవలా, నిన్ను పోర్చుగీసు నుంచి ఇంగ్లిషులోకి తెచ్చిన మార్గరెట్ జల్ కోస్టా. అనువాదకుడి కథను మరో అనువాదకురాలు మోసుకొచ్చింది. ఆమె లేకపోతే నీ గుమ్మం నాకు గోడే. వోగెల్‌స్టైన్ నవలలో ఒకప్పుడు బోర్హెస్ కథను అనువదిస్తూ దాని ముగింపును తన ఇష్టానికి మార్చినవాడు. ఆ చిన్న అపరాధం మీదే నీ పెద్ద రహస్యం నిలబడింది. ఆమె అలాంటి పని ఏదీ చేయక, నీ గొంతులో నవ్వునూ నీ వెనుక గొంతుల్లోని గంభీరాన్నీ చెదరకుండా దాటించింది. వందనం, తల్లీ!

చదువరీ, మీకో విన్నపం. మీకు ప్రియమైన రచయిత ఎవరైనా సరే, ఆయన పుస్తకాల్లో తలచుకున్న పేర్లను దాటవేయకండి, ఒక్కొక్కరి తలుపూ తట్టండి. ఈ చిన్న నవల దొరికితే మాత్రం వెంటనే తెరవకండి. ముందు పో ‘రూ మోర్గ్ హత్యలు’ చదవండి, తర్వాత బోర్హెస్ ‘మరణమూ దిక్సూచీ’ చదవండి. రెండూ కలిపి ఒక మధ్యాహ్నం పట్టదు. అప్పుడు వెరిస్సిమో దగ్గరికి రండి.